నాందేడు సీమలో విదేశపు తుపాకులు

గోదావరి ఉత్తరతీరమున వెలసిన నాందేడు నగరము నేడు మహారాష్ట్రమున చేరియున్నను, తెలుగువారి చరిత్రతో దానికి గల సంబంధము చాల ప్రాచీనము. మొగలాయి చక్రవర్తియగు షాజహాను 1636 ప్రాంతమున తన దక్షిణరాజ్యమును నాలుగు సుబాలుగా విభజించినప్పుడు అందొకదానికి తెలంగాణమని పేరిడెను. ఆ సుబాకు ముఖ్యనగరము నాందేడు. ముఖ్యదుర్గము దానికి దక్షిణముననున్న కంధారు. ఆ పిమ్మట ఈ సీమ ఆసఫ్‌జాహీల పాలనలోనికి వచ్చి 1948 వరకు నైజాము రాజ్యమున జిల్లాగా నుండెను. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు ముధోలు, భైంసా, కుబేరు సర్కిళ్ళును, దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కలు సర్కిళ్ళును ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. కిన్వట్ తాలూకా ఆదిలాబాదు జిల్లా నుండి ఇటు చేరెను. బిలోలి, దెగ్లూరు, ధర్మాబాదు ప్రాంతములలో తెలుగు మాట నేటికిని వినవచ్చుచునే యున్నది.

ఇట్టి సరిహద్దుసీమ చరిత్రను శాసనముల మూలమునను, దస్తరముల మూలమునను పరిశీలించుట పరిపాటి. ఆయుధముల మూలమున పరిశీలించుట అరుదు. అందును ఒక దేశమున తయారై మరియొక దేశపు ప్రభువునకు కంట్రాక్టుపై అమ్మబడిన తుపాకులు ఒక ప్రత్యేకమైన సాక్ష్యము నిచ్చును. ఎవరికి సొంత కార్ఖానా ఉండెనో, ఎవరు పరుల ననుమతి యడుగవలసి వచ్చెనో, ఎవరి స్వాతంత్ర్యము ఎంతవరకు నిజమో అవి తేటపరచును. ఆ దృష్టితో నాందేడు సీమను, అది భాగమైయుండిన హైదరాబాదు రాజ్యమును చూచుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

కంట్రాక్టు తుపాకి యన నెట్టిది

పందొమ్మిదవ శతాబ్దమున యంత్రములతో తుపాకులు చేయు కార్ఖానాలు ఇంగ్లండు, ఫ్రాన్సు, బెల్జియము, జర్మనీ, అమెరికా దేశములలో వృద్ధిపొందెను. కార్ఖానాలు లేని రాజ్యములు వాటికి పెద్ద ఆర్డరుల నిచ్చుచుండెను. 1870 దశకమున తురుష్క ప్రభుత్వము అమెరికాలోని ప్రావిడెన్సు టూలు కంపెనీకి 6 లక్షల పీబాడీ-మార్టినీ రైఫిళ్ళకు కంట్రాక్టు నిచ్చెను. 1877లో ప్లెవ్నా ముట్టడియందు రష్యనులను నిలువరించినవి ఈ రైఫిళ్ళే. కాని సొమ్ము సకాలమున అందకపోవుటచే ఆ కంపెనీ పెక్కు చిక్కులలో పడెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున రష్యా ప్రభుత్వము అమెరికాలోని రెమింగ్టను కంపెనీకి 15 లక్షలు, న్యూ ఇంగ్లండు వెస్టింగ్‌హౌసు కంపెనీకి 18 లక్షలు మోసిన్-నగాన్ రైఫిళ్ళను పురమాయించెను. 1917లో విప్లవము వచ్చి కంట్రాక్టు ఆగిపోగా, మిగిలిన సరకులో పెద్దభాగమును అమెరికా ప్రభుత్వమే కొనవలసి వచ్చెను.

ఈ రెండు ఉదాహరణములు కంట్రాక్టు తుపాకుల స్వభావమును చక్కగా తెలుపును. కొన్నవానికి సరకు అందునో లేదో. అమ్మినవానికి సొమ్ము ముట్టునో లేదో. నడుమ యుద్ధము వచ్చినను, ప్రభుత్వము మారినను తుపాకులు దిక్కులకు చెదరిపోవును. వస్తుసంగ్రాహకులకు ఇట్టి తుపాకులపై మక్కువ కలుగుటకు కారణమిదియే. వాటి లోహముపై తయారుచేసిన కార్ఖానా పేరొకటి, కొన్న ప్రభువు రాజచిహ్నమొకటి కలిసి కనబడును. తురుష్కులకై చేసిన రైఫిలుపై సుల్తాను ముద్రయును, అరబ్బీ అంకెలును ఉండును. ఒక్క వస్తువుపై రెండు దేశముల చరిత్ర చెక్కబడియుండుట చిత్రము.

భారతదేశమున ఇట్టి కంట్రాక్టులకు ఆద్యులు ఈస్టిండియా కంపెనీవారే యనవచ్చును. వారు తమ సైన్యములకై లండను తుపాకి పనివారికి నమూనా నిచ్చి వేలకొలది చెకుముకి తుపాకులను చేయించి ఓడలపై తెప్పించిరి. హృదయాకారమున కంపెనీ అక్షరములు గల గురుతును, 1808 తరువాత వెనుకకాళ్ళపై నిలిచిన సింహపు గురుతును ఆ తుపాకులపై కాననగును. 1793లో ఫ్రాన్సుతో యుద్ధము రాగా బ్రిటిషు ప్రభుత్వమునకే తుపాకులు చాలక, కంపెనీవారికై తయారైన వాటిని కొనుక్కొని, తుదకు 1797లో ఆ నమూనానే తమ సైన్యమునకు స్వీకరించెను. దానికి ఇండియా నమూనా యనియే పేరు.

రేమూను ఉద్యమము

హైదరాబాదు రాజ్యమున విదేశపు తుపాకుల చరిత్ర మిషెల్ జోయాకిమ్ రేమూ అను ఫ్రెంచివానితో ఒక ముఖ్యఘట్టమును చేరును. బుస్సీ కడ కొలువు చేసిన రేమూ, బుస్సీ 1785లో మరణించిన పిమ్మట నిజామలీఖాను కొలువున చేరెను. ఆతని మొదటి దళమున 300 మంది మాత్రమే యుండిరనియు, వారి తుపాకులు సైతము ఒక ఫ్రెంచి వర్తకుని వద్ద ఒక్కొక్కటి నెలకు 8 అణాల చొప్పున అద్దెకు తెచ్చినవనియు సర్ జాన్ మాల్కము వ్రాసియున్నాడు. ఒక రాజ్యపు సైన్యము అద్దె తుపాకులతో నారంభమగుట వింతగా తోచును. కాని ఆనాటి స్థితి అట్టిది. మనుష్యులు దొరకుదురు, ధనమును దొరకును, దొరకనిది తుపాకి.

రేమూ ఈ లోపమును గుర్తించెను. హైదరాబాదున ఆయన నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానాకు ప్రజలు తోప్‌కా సాంచా యని పేరిడిరి. గన్‌ఫౌండ్రీ యను పేట పేరు ఈ కార్ఖానాను బట్టి వచ్చినదే. అందు ఫిరంగులు పోతపోయబడెను, తుపాకులును తయారయ్యెను. పదియేండ్ల కాలమున 300 మంది దళము 14,000 మంది సేనగా పెరిగెను. 1795 మార్చిలో ఖర్డా యుద్ధమున నిజాము మహారాష్ట్రుల చేతిలో ఓడిపోయినను రేమూ దళములు క్రమము తప్పక నిలిచి పేరుగొనెను. ఆ యుద్ధమున ఆంగ్లేయులు తమకు సాయపడలేదని కినిసిన నిజాము ఫ్రెంచి దళములను మరింత నమ్ముకొనెను.

ఈ విశ్వాసమే ఆంగ్లేయులకు కంటగింపయ్యెను. ఒకవైపు శ్రీరంగపట్టణమున టిప్పు సుల్తాను ఫ్రెంచివారితో మంతనములాడుచుండ, మరియొకవైపు హైదరాబాదున తుపాకి చేయగల ఫ్రెంచి సేన యుండుట గవర్నరు జనరలు వెల్లస్లీకి సహింపరాని విషయము. 1798 మార్చి 25వ తేదీన రేమూ మరణించెను. ఆయన స్థానమున పీరోను సేనాధిపతి యయ్యెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 1వ తేదీన నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొనెను. అందలి ముఖ్యనిబంధన ఫ్రెంచి దళములను తొలగించుట. అక్టోబరు 22వ తేదీన, జీతములు బాకీపడి అలజడిగానున్న సిపాయిలను కంపెనీ సేనలు చుట్టుముట్టగా, వారు ఆయుధములను క్రింద బెట్టిరి. రక్తపాతమేమియు జరుగలేదు. రెసిడెంటు కర్క్‌పాట్రిక్, ఆయనకు సహాయుడుగానున్న మాల్కము ఈ కార్యమును నడపిరి.

నాటి దినమున హైదరాబాదు కోల్పోయినది 14,000 తుపాకులు మాత్రమే కాదు. తుపాకిని తానే చేసికొనగల శక్తిని కోల్పోయెను. టిప్పు సుల్తాను మరుసటి యేట పడిపోయెను. నిజాముకు రాజ్యము మిగిలెను. కాని ఆయుధశాల తాళపుచెవి ఇతరుల చేతికి పోయెను. మూసారాంబాగు గుట్టపై నున్న రేమూ సమాధి ఈ చరిత్రకు మిగిలిన గురుతులలో నొకటి.

కంటింజెంటు, బాకీ, బేరారు

1811లో రెసిడెంటుగా వచ్చిన హెన్రీ రస్సెలు నిజాము ఖర్చుతో, ఆంగ్ల అధికారుల క్రింద కొత్త దళములను ఏర్పరచెను. అవి రస్సెలు బ్రిగేడనియు, పిదప హైదరాబాదు కంటింజెంటనియు పేరొందెను. తుపాకులు కంపెనీ నమూనావి. అధికారులు కంపెనీ వారు. సొమ్ము మాత్రము నిజాముది. దీవాను చందూలాలు ఆ ఖర్చునకై పామరు కంపెనీ మొదలైన సాహుకార్ల వద్ద అప్పులు చేసెను. బాకీ పెరిగి పెరిగి, తుదకు 1853 మే నెలలో జరిగిన సంధి ప్రకారము బేరారు సీమ కంటింజెంటు ఖర్చు క్రింద ఆంగ్లేయుల అధీనమునకు పోయెను. నాందేడుకు ఉత్తరమున పైన్‌గంగ నది ఆవలియొడ్డు నాటినుండి పరపాలనమయ్యెను. ఒక జిల్లా సరిహద్దు సైన్యపు జీతముల పద్దు వలన మారుట గమనింపదగిన విషయము.

1857 తరువాత ఆంగ్లేయులు ఆయుధముల విషయమున మరింత జాగరూకులైరి. తెల్లసిపాయిల తుపాకి గొట్టమున మెలిచుట్టు గాడులుండి గుండు దూరముగను సూటిగను పోవుచుండగా, దేశీయ సిపాయిలకు 1858 నమూనా యని గాడులు లేని తుపాకులనిచ్చిరి. తెల్లవారికి మార్టినీ-హెన్రీ వచ్చిన పిదప దేశీయులకు పాత స్నైడరు దక్కెను. ఎప్పుడును ఒక తరము వెనుక. 1878 ఆయుధముల శాసనము బ్రిటిషిండియాలో ప్రజల చేతులనుండి తుపాకులను దూరము చేసెను.

ఈ కాలమున మరియొక మార్పు జరిగెను. దీని ప్రాముఖ్యమును చరిత్రకారులు తరచు విస్మరింతురు. పూర్వపు తుపాకికి మందు, గుండు వేరువేరుగా కూర్చెడివారు. సురేకారము, గంధకము, బొగ్గు కలిపి మందు నూరుట గ్రామములలో తెలిసిన విద్య. సీసము కరగించి గుండు పోయుట కమ్మరికి కష్టము కాదు. స్నైడరు తుపాకి మొదలుకొని ఇత్తడి తూటా వచ్చెను. తూటా పెద్ద కార్ఖానాలో తప్ప తయారు కాదు. దేశమున ఆ కార్ఖానాలు డమ్‌డమ్మునను, 1869లో స్థాపింపబడిన కిర్కీలోను ఉండెను. రెండును ఆంగ్లేయ ప్రభుత్వమువే. తూటా ఆగినచో ఎంతటి మేలైన రైఫిలైనను ఇనుపకమ్మియే. కావున కొత్త తుపాకి బలమును పెంచుటతోపాటు బానిసత్వమును గూడ పెంచెను. 1887లో మహబూబలీఖాను సరిహద్దు రక్షణకై 60 లక్షల రూపాయలు ఇచ్చెదనని ముందునకు వచ్చెను. రెండేండ్లకు ఇంపీరియలు సర్వీసు దళములేర్పడెను. సొమ్ము సంస్థానముది, ఆయుధముపై అదుపు ఆంగ్లేయులది యను పాత పద్ధతియే కొనసాగెను.

హుజూర్ సాహెబున దాచబడిన తుపాకి

ఈ కథకంతకు భిన్నమైన ఆయుధసంగ్రహమొకటి నాందేడు నగరముననే కలదు. సిక్ఖుల పదియవ గురువగు గురు గోవిందసింగు 1708 అక్టోబరు 7వ తేదీన ఇచ్చట దేహమును చాలించెను. ఆ స్థలమున మహారాజా రణజిత్‌సింగు 1832-1837 నడుమ సచ్‌ఖండ్ శ్రీ హుజూర్ సాహెబు మందిరమును కట్టించెను. చందూలాలు దీవానుగానున్న ఆ కాలముననే పంజాబు నుండి సిక్ఖు దళములు నైజాము కొలువునకు వచ్చినవి. వారి సంతతివారు దక్కను సిక్ఖులను పేరున ఈ సీమలో స్థిరపడియున్నారు.

మందిరమున గురువువిగా పూజింపబడు ఆయుధములలో ఖడ్గములు, బంగారు బాకు, విండ్లు, 35 బాణములు, రత్నములు తాపిన ఉక్కు డాలుతో పాటు ఒక వత్తి తుపాకి యున్నది. దీపావళికి ముందు గోదావరి జలమును తెచ్చి మందిరమును కడిగి, శస్త్రములను శుభ్రపరచు ఆచారము కలదు. దానిని తఖ్తు స్నానమందురు. 1956లో హైదరాబాదు శాసనసభ ఈ గురుద్వారము నిర్వహణకై ప్రత్యేక శాసనమును చేసెను.

సంగ్రహశాస్త్ర దృష్టితో చూచినను ఇది గొప్ప పాఠము. వత్తి తుపాకి కంట్రాక్టు వస్తువు కాదు. ఒక పనివాని చేతిపని. అది నిలిచియుండుటకు కారణము దాని విలువ కాదు, భక్తి. ఏటేట తుడిచి కడుగు చేతులుండుటచేత అది తుప్పునకు లోనుగాలేదు. ఏ వస్తువు ఎవరిదో తరతరములుగా చెప్పు నోళ్ళుండుటచేత దాని చరిత్ర చెరగలేదు. రేమూ సేన పట్టిన వేలకొలది తుపాకులకు ఈ రెండును లేవు. అవి ఒకనాడు అప్పగింపబడెను. ఆపైన వాటి పేరెత్తువారు లేకపోయిరి.

1948: ఆకాశమార్గమున వచ్చిన ఆయుధములు

భారతదేశము స్వతంత్రమైన పిమ్మట హైదరాబాదు ప్రభుత్వము 1947 నవంబరు 29వ తేదీన భారత ప్రభుత్వముతో యథాతథ ఒడంబడిక చేసికొనెను. ఆయుధముల సరఫరా విషయమున ఇరుప్రక్కల వివాదము పెరిగెను. అప్పుడు నిజాము ప్రభుత్వము 150 ఏండ్ల క్రిందటి ప్రశ్ననే మరల ఎదుర్కొనెను: తుపాకి ఎచ్చట దొరకును? కార్ఖానా లేదు, సముద్రతీరము లేదు. ఐరోపాలో బేరము చేసి ఆకాశమార్గమున తెప్పించుటయే శరణ్యమయ్యెను. సిడ్నీ కాటను అను ఆస్ట్రేలియా వైమానికుడు లంకాస్ట్రియను విమానములపై కరాచీ నుండి బీదరు, వరంగల్లు విమానాశ్రయములకు రహస్యముగా ఆయుధములను చేరవేసెను. ఈ నేరమునకు పిదప లండనులో ఆయనకు విధింపబడిన జరిమానా 200 పౌనులు మాత్రమే.

గ్రామములలో స్థితి వేరు. రజాకార్ల సంఖ్య 2 లక్షలని ఒక అంచనా. అందు నాల్గవవంతునకే ఆధునికమైన ఆయుధములుండెననియు, తక్కినవారికి కత్తులు, భర్మార్లే గతియనియు అందురు. మూతినుండి మందు కూర్చు భర్మారు తుపాకి 1948లో గూడ నిలిచియుండుటకు కారణము పైన చెప్పబడినదే: దానికి తూటా అక్కరలేదు. తెలంగాణ రైతాంగ పోరాటమున రెండవ పక్షమువారి చేతులలోను అదియే కనబడెను. నాందేడు సరిహద్దున స్టేటు కాంగ్రెసు కార్యకర్తలు పైన్‌గంగ ఆవలి ఉమర్‌ఖేడు శిబిరము నుండి పనిచేయుచు, 1948 జనవరి 30వ తేదీన ఉమ్రీలోని బ్యాంకుపై దాడిచేసి ధనమును ఉద్యమమునకై గొనిపోయిరి. 1853లో తుపాకుల ఖర్చు క్రింద పోయిన బేరారు గడ్డయే వారికి ఆశ్రయమైనది.

సెప్టెంబరు 13వ తేదీన భారతసేనలు ప్రవేశించెను. 17వ తేదీన యుద్ధము ముగిసెను. సేనాధిపతి ఎల్ ఎద్రూసు మేజరు జనరలు చౌధురికి లొంగిపోయెను. రెండవమారు హైదరాబాదు తుపాకులు కుప్పగా అప్పగింపబడెను.

ఈ బేరముల నీడ చాలకాలము నిలిచెను. 1948 సెప్టెంబరు 20వ తేదీన నిజాము పేరనున్న 10,07,940 పౌనుల నిధి లండను బ్యాంకులో పాకిస్తాను హైకమిషనరు రహీంతులా పేరునకు మారెను. ఆ నిధిపై వ్యాజ్యము దశాబ్దములు సాగెను. అది ఆయుధముల సరఫరాకు సంబంధించిన ప్రతిఫలమని పాకిస్తాను వాదించెను. 2019 అక్టోబరు 2వ తేదీన లండను హైకోర్టు ఆయుధముల రవాణా జరిగినదని గుర్తించియు, నిధి దానికి ప్రతిఫలముగా ఈయబడినదను వాదమును అంగీకరింపక, భారతదేశమునకును నిజాము వారసులకును అనుకూలముగ తీర్పు చెప్పెను. అప్పటికి ఆ మొత్తము సుమారు 3 కోట్ల 50 లక్షల పౌనులకు పెరిగియుండెను. తుపాకులు తుప్పుపట్టి నశించినను వాటి పద్దు 71 సంవత్సరములు జీవించినది.

మిగిలినవి, మిగుల్చుకొనవలసినవి

రెండుమార్లు సామూహికముగా ఆయుధములను అప్పగించిన రాజ్యమున పాత సైనిక తుపాకులు అరుదుగుట సహజము. హైదరాబాదున మూడవ సాలార్‌జంగు సేకరించిన ఆయుధములు 1951లో ప్రారంభింపబడిన మ్యూజియములో భద్రముగానున్నవి. కాని సంపన్నుల సంగ్రహములలో రత్నములు పొదిగిన ఖడ్గములకు లభించిన గౌరవము సిపాయి పట్టిన సాదా తుపాకికి లభింపలేదు. దాని అందము తక్కువ. దాని సాక్ష్యము ఎక్కువ.

పాత ఇండ్లలో అటకలపై ఇట్టి తుపాకి బయటపడినచో చేయవలసిన పని కొంత కలదు. 1959 ఆయుధముల శాసనము, మరమ్మతు చేసినను కాల్చుటకు పనికిరాని పురాతన ఆయుధములకు మినహాయింపు నిచ్చుచున్నది; తక్కినవానికి లైసెన్సు తప్పదు. ఏది ఏ కోవకు చెందునో నిర్ణయించుట అధికారుల పని. కావున మొదట వారికి తెలుపుట క్షేమము. మూతినుండి కూర్చు తుపాకిలో మందు ఎన్నో ఏండ్ల తరువాతను మిగిలియుండవచ్చును గనుక తెలియనివారు దానిని తాకరాదు. నూరేండ్లు గడచిన వస్తువు 1972 పురావస్తువుల శాసనము పరిధిలోనికి వచ్చును. దానిని స్వేచ్ఛగా విదేశములకు పంపరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది, నునుపు చేయవలెనని ఉప్పుకాగితముతో రుద్దరాదు. తుప్పుతోపాటు కార్ఖానా గురుతు, సంవత్సరము, దళపు అంకెలు చెరిగిపోవును. గురుతు చెరిగిన తుపాకి సంతకము చింపిన దస్తావేజు వంటిది. అది ఎవరి ఇంట, ఎట్లు చేరినదో పెద్దలు చెప్పు మాటను వెంటనే వ్రాసియుంచుటయు అంతే అవసరము.

రేమూ అద్దె తుపాకులతో నారంభించి కార్ఖానా కట్టెను. కార్ఖానా పోయిన రాజ్యము తిరిగి పరులను యాచించెను. తన అన్నము తాను వండుకొనలేని ఇల్లు ఎంత గొప్పదైనను పొరుగువాని పొయ్యివైపు చూడవలసినదే. నాందేడు సీమ ఈ సత్యమును మూడు శతాబ్దములలో పలుమార్లు చూచినది. గోదావరి నీటితో ఏటేట కడుగబడుచున్న ఒక వత్తి తుపాకి నిలిచియున్నది. పేరులేని వేల తుపాకులు పోయినవి. శేషించిన కొద్దిపాటినైనను గుర్తించి, వ్రాసి, భద్రపరచుట ఈ గట్టున ఉన్న తెలుగువారికిని, మహారాష్ట్రులకును, సిక్ఖులకును ఉమ్మడి కర్తవ్యము.